నా బిడ్డ పేరు తాళం గాదు

యూనివర్సిటీలో సోలార్ ఇన్వర్టర్లను పరీక్షించే ల్యాబ్. మధ్యాహ్నం. బల్లకు ఒక పక్క ల్యాబ్ అధికారి విశాలాక్షి, ఇన్వర్టర్ల కంపెనీ మేనేజరు ప్రేమ్ కుమార్. ఎదురుగా, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని స్నేహలత.

"పాస్‌వర్డ్ చెప్పమ్మా. ఒక్క మాట. చెప్పేసి వెళ్ళిపో."

"మెల్లగ మాట్లాడుండ్రి సార్. ఇప్పుడే పండుకున్నది."

"నేను మెల్లగానే మాట్లాడుతున్నాను."

"గిది మెల్లగనా? మీ ఇంట్ల పిల్లలు ఎట్ల పండుకుంటరు సార్?"

"చూశారా మేడం? నిన్న ఫోన్లోనూ ఇదే వరస. అడిగిందానికి తప్ప అన్నిటికీ సమాధానం చెబుతుంది."

"ఒక్క నిమిషం ప్రేమ్ కుమార్ గారూ. స్నేహలత గారూ, ముందు మీరు కూర్చోండి. ఫ్యాన్ కింద కుర్చీ ఉంది."

"వద్దు మేడం. కూసుంటే లేస్తది. నిలబడి ఊపుకుంట ఉంటెనే పండుకుంటది."

"మేం రమ్మన్నది మీ ఆయన్ని కదా. పరుశురాం గారు రాలేదా?"

"రాలే."

"ఎందుకు రాలేదు?"

"రాడు."

"నేను ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా విశాలాక్షి మేడం? 'నేను వద్దామనే ఉన్న సార్, తలుపు రావట్లే' అన్నాడు. తలుపు రాకపోవడం ఏంటయ్యా అంటే ఫోన్ పెట్టేశాడు."

"బయట గొళ్ళెం పెట్టిన."

"ఎవరు?"

"నేనే మేడం. వారాసిగూడల మా రూముకు బయటికెంచి గొళ్ళెం ఉంటది. అన్నం వండి పెట్టిన, నీళ్ళున్నయ్, టీవీ ఉన్నది. ఏం గాదు."

"మొగుణ్ణి ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసుకొచ్చావా?"

"వెయ్యకుంటే గీడికొచ్చి తప్పంత నాదే అంటడు సార్. నిన్నటి సంది గదే బట్టీ కొడుతుండు. 'తప్పు నాదే మేడం, కంపెనీకి తెల్వదు మేడం.' మీరు నేర్పిన పాఠమే కద."

"నేనేం నేర్పలేదు."

"చేతులు కట్టుకొని నిలబడుమని గూడ చెప్పిన్రట."

"పెద్దవాళ్ళ ముందు పద్ధతిగా ఉండమన్నాను. అది కూడా తప్పేనా?"

"కట్టుకుంటే కట్టుకోనీయండి, విప్పుకుంటే విప్పుకోనీయండి. చేతుల సంగతి నాకక్కర్లేదు. అసలేం జరిగిందో నాకది కావాలి. నేను చెబుతాను, తప్పయితే ఆపండి స్నేహలత గారూ. పోయిన వారం ఒక మధ్యాహ్నం తార్నాకలో కరెంటు పోయింది. సోలార్ ఉన్న ఇళ్ళల్లో వెంటనే బ్యాటరీ అందుకోవాలి. వీళ్ళ కంపెనీ ఇన్వర్టరు పెట్టుకున్న ఇళ్ళల్లో ఒక్క చోటా అందుకోలేదు. అంతకుముందే ఎవరో ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళి అన్నిటినీ ఆపేశారు. ఎవరో ఇంకా తేలలేదు. అన్ని ఇళ్ళకూ పాస్‌వర్డ్ ఒకటే. అది మీ పాప..."

"పేరు తియ్యకుండ్రి మేడం."

"సరే. మీ పాప పేరు. పక్కన ఒకటి, రెండు, మూడు."

"ఒట్టి పేరు పెడ్తె తీసుకోలేదట ఇన్వర్టర్ డబ్బ. అంకెలు గూడ కావాల్నన్నదట."

"కామాక్షి గారని పెద్దావిడ, ఆమె ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది."

"కామాక్షమ్మకు ఇప్పుడు మంచిగనే ఉన్నది. పక్కింటోళ్ళు ఉరికి సిలిండర్ తెచ్చి పెట్టిన్రు. నేను పోయి చూసి వచ్చిన. నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది మేడం. నేను గూడ ఏడ్చిన."

"అదుగో, తనే ఒప్పుకుంటోంది. ఆ ఇంటికి వెళ్ళిందంట. ఆ ఒక్క ఇంటికే కాదు మేడం, ఊరంతా తిరిగింది."

"తిరిగిన. ఎవలింట్ల దొంగతనం చెయ్యలే కద సార్."

"ప్రేమ్ కుమార్ గారూ, అక్కడికి వస్తాను. ముందు ఇది. మీ ఆయన పాప పేరే ఎందుకు పెట్టాడు స్నేహలత గారూ?"

"ఆటోలోళ్ళు ఎనక రాసుకుంటరు కద మేడం, పిల్లల పేర్లు. లారీలోళ్ళు గూడ రాసుకుంటరు. మా ఆయనకు ఆటో లేదు, లారీ లేదు. మా చిన్నదాని తొట్టెల అయిన తెల్లారి తార్నాకల ఒక ఇంట్ల డబ్బ బిగిస్తుండు. ఇంటోళ్ళు డబ్బకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిన్రు. డబ్బేమో కొత్త పాస్‌వర్డ్ అడిగిందట. ఏం పెట్టాల్నో తోచలేదట. తొట్టెల్ల చెవుల చెప్పిన పేరు నోట్లనే ఉండె. పెట్టిండు."

"తర్వాత ఇళ్ళకు కూడా అదేనా?"

"అదే. ఇంటికొచ్చి చెప్పెటోడు, 'ఇయ్యాల మన బిడ్డ పేరు హబ్సిగూడల ఒక ఇంటి మీద పెట్టిన' అని. ఏదో గుడి కట్టినట్టు. నేను గూడ నవ్విన. గప్పుడు తెల్వదు గద."

"విన్నారుగా మేడం. ఇది ముద్దు. పిల్ల మీద ముద్దుతో ఒక ఫిట్టర్ చేసిన పొరపాటు. దీనికీ కంపెనీకీ ఏం సంబంధం? అతనొచ్చి ఆ ఒక్క ముక్క చెబితే మీరు మా ఇన్వర్టర్లకి పాస్ ఇవ్వొచ్చు. మిషన్‌లో లోపం లేదు కదా."

"పేరు ముద్దు కోసమే పెట్టిండు సార్. అందరికి ఒకటే పెట్టింది ముద్దు కోసం గాదు. ఒకటే పెట్టుమన్నది మీరు."

"నేనా? ఎవరూ అలా అనలేదు."

"అన్నరు."

"అనలేదమ్మా."

"అన్నరు సార్. కొత్తల మా ఆయన ఇంటికో పేరు పెడ్తనంటే కోప్పడ్డరు."

"ఇంటర్ కూడా పూర్తి చెయ్యలేదు నువ్వు. నీకు పాస్‌వర్డ్ అంటే ఏంటో తెలుసా అసలు? ఇవన్నీ నీకెందుకు?"

"చదువు ఆగిపోయింది సార్. చెవులు ఆగిపోలే. మా గల్లీల చాయ్ బండి కాడ పోరగాళ్ళు ఫోన్ చూసుకుంట నవ్వుతున్నరు. ఏందని నిలబడి విన్న. ఎవడో గ్రూపుల పెట్టిండట, గీ పేరు కొట్టుండ్రి, తార్నాకల ఎవరింటి సోలార్ అయిన బంద్ అయితది అని. నా బిడ్డ పేరు మేడం. బయట నేనెప్పుడు గా పేరు పెట్టి పిల్వను. చిట్టి అంట. దిష్టి అని గాదు... దిష్టే. నాకు భయం. దీనికి జ్వరం వస్తే భయం, రాకుంటే ఎప్పుడొస్తదో అని భయం. గసుంటిది ఊరంత వేళ్ళతోటి కొట్టిన్రు గా పేరును."

"నీళ్ళు తాగుతారా?"

"వద్దు మేడం."

"అయితే ఇళ్ళకు వెళ్ళింది అందుకేనా?"

"గందుకే. గా పేరు ఒక్క డబ్బల గూడ ఉండొద్దనుకున్న."

"ఇప్పుడు మేటర్‌లోకి వచ్చింది. మేడం, ఇది వినండి. నిన్నటి నుంచి మా సర్వీస్ కుర్రాళ్ళు ఒక్క ఇన్వర్టరులోకీ వెళ్ళలేకపోతున్నారు. తార్నాక, సీతాఫల్‌మండి, హబ్సిగూడ, అన్నీ బిగుసుకుపోయాయి. పాత పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటోంది. ఈవిడ ఇంటింటికీ వెళ్ళి అన్నీ మార్చేసింది. కొత్తది తన దగ్గర పెట్టుకుని మాతో బేరం ఆడుతోంది."

"నిజమేనా స్నేహలత గారూ?"

"ఇంటింటికి పోయింది నిజమే."

"పాస్‌వర్డ్‌లు మార్చారా?"

"మారినయ్."

"మీరే మార్చారా?"

"మారినయ్ మేడం."

"మారాయి, మారాయి. వాటంతటవే మారతాయా? 'ఈ తప్పులోంచి మా ఆయన పేరు తీసేస్తే చెప్త' అని నిన్న ఫోన్లో నాతో అనలేదా నువ్వు?"

"మా ఆయన పేరు తీసేస్తే మాట్లాడుదాం అన్న. చెప్త అనలే."

"రెండూ ఒకటే."

"ఒకటి గాదు సార్."

"అసలు వాళ్ళందరూ ఈమెను లోపలికి ఎలా రానిచ్చారో అర్థం కావట్లేదు మేడం. మా కుర్రాళ్ళు యూనిఫాం వేసుకుని, కార్డు మెడలో వేసుకుని వెళితే గంటసేపు తలుపు తియ్యరు."

"మీ పిలగాండ్ల సంకల బిడ్డ ఉండదు కద సార్. ఎండల బిడ్డనెత్తుకొని ఆడిమనిషి నిలబడితే ఎవలన్న తలుపు తీస్తరు. ఒకామె దీనికి అరటిపండు ఇచ్చింది. ఒకామె నెత్తికి నూనె సరిగ్గ పెడ్తలేవని నన్నే తిట్టింది."

"పాస్‌వర్డ్ మార్చడం ఎలాగో మీకెవరు చెప్పారు?"

"మా ఆయనే. ఎవలింట్లకు పోవద్దని సార్ ఆయనను పనికెంచి ఆపిండు కద. నన్ను ఆపలే. ఏది నొక్కాలె, ఎన్క ఏది నొక్కాలె అని చెప్పిండు. నేను నోటికి పట్టుకున్న. దీనికి జోల పాడినట్టు అనుకుంట అనుకుంట పోయిన."

"చూడమ్మా స్నేహలతా. నేను కటువుగా మాట్లాడానేమో, ఏమనుకోకు. నాకూ పిల్లలున్నారు. ఒక మాట చెబుతా విను. పరుశురాం వచ్చి ఒప్పుకుంటాడు, నువ్వు పాస్‌వర్డ్ ఇస్తావు. అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకుంటా. సీతాఫల్‌మండి పని మొత్తం అతనికే. సరేనా?"

"పనిలకు తీసుకునేది ఒప్పుకోక ముందా, ఒప్పుకున్నంకనా?"

"ఒప్పుకున్నాక."

"తార్నాక మొత్తం బంద్ అయింది నా వల్లనే అని ఒప్పుకున్నోణ్ణి ఎవలింట్లకు రానిస్తరు సార్ డబ్బ బిగియ్యనీకి?"

"అది నేను చూసుకుంటా."

"మీరు చూసుకుంటరనే గొళ్ళెం పెట్టి వచ్చిన."

"మేడం, ఇక మీరే చెప్పండి ఈవిడకి."

"చెబుతాను. స్నేహలత గారూ, నిజంగా అవన్నీ మీ దగ్గరుంటే నేను మీ పక్షాన మాట్లాడలేను. ఈ ఇన్వర్టర్లు ఊరికే మిద్దె మీద కూర్చోవు. ఊరి కరెంటు తీగతో కలిసి ఉంటాయి. ఒక ఇల్లు ఆగితే ఆ ఇంటి బాధ. వేల ఇళ్ళు ఒక్కసారి ఆగి, ఒక్కసారి మొదలైతే లైను మొత్తం తట్టుకోలేదు. ఆసుపత్రీ అదే తీగ మీద ఉంటుంది, మీ వారాసిగూడ కూడా అదే తీగ మీద ఉంటుంది. అందుకే కొత్త నిబంధన పెట్టారు. ఏ రెండు పెట్టెలకూ ఒకే పాస్‌వర్డ్ ఉండకూడదు. ఎవరింటిది వాళ్ళే పెట్టుకోవాలి. వాళ్ళు తలుపు తీస్తేనే ఇంకెవరైనా లోపలికి రావాలి. తాళంచెవులన్నీ కంపెనీ చేతిలో ఉన్నా, మీ కొంగులో ఉన్నా నా పరీక్షలో తేడా లేదు."

"అదే నేనూ చెప్పేది. కేసు పెడితే మొగుడూ పెళ్ళాం ఇద్దరి మీదా పడుతుంది. అప్పుడు ఈ పిల్లని ఎవరు చూస్తారు?"

"నా బిడ్డ మాట మీరు మాట్లాడకుండ్రి."

"నీ మంచికే..."

"మాట్లాడకుండ్రి సార్. కేసు పెట్టుకోండ్రి. దీన్ని ఎత్తుకొనే పోలీస్ స్టేషన్‌కు వస్త. ఆడ గూడ నిలబడి ఊపుకుంటనే జవాబు చెప్త. దీని పేరు మాత్రం మీ నోట్ల ఉండొద్దు."

"స్నేహలత గారూ, మెల్లగా. పాప."

"...సరే మేడం. సార్‌ను ఒకటి అడగనియ్యుండ్రి. గది చెప్తే, మీరేది అడిగితే గది చెప్త."

"అడుగమ్మా. నీ ముచ్చట కూడా ఎందుకు కాదనాలి."

"కొత్త పాస్‌వర్డ్ మీకెందుకు సార్? ఇండ్లు వాళ్ళయి, డబ్బలు వాళ్ళు కొనుక్కున్నరు. మీకెందుకు?"

"ఎందుకేంటి? రేపు ఎవరో ఫోన్ చేస్తారు, సోలార్ రావట్లేదని. ఎండలో మనిషిని పంపాలా? ఆఫీసులో కూర్చుని లోపలికి వెళ్ళి సరిచేస్తాం. ఇంటికో పాస్‌వర్డ్ ఉంటే మా కుర్రాళ్ళు ఎక్కడ గుర్తు పెట్టుకుంటారు? ఇంటివాళ్ళని అడిగితే బజారుకెళ్ళామంటారు, మర్చిపోయామంటారు. అది అయ్యే పనేనా? అందుకే కదా మొదటి నుంచీ అన్నిటికీ ఒకటే పెట్టమన్నది."

"ఎవలను పెట్టుమన్నరు సార్?"

"ఫిట్టర్లనే. ఇంకెవరిని?"

"అందరినా?"

"అందరినీ. లేకపోతే..."

"లేకపోతే ఏంటి ప్రేమ్ కుమార్ గారూ? చెప్పండి."

"అది... మేడం, అది సలహా. ఆర్డర్ కాదు. సలహా."

"సలహా వినలేదని మల్కాజ్‌గిరిల గట్టయ్యను పనికెంచి తీసేసిన్రు. ఇంటికో పాస్‌వర్డ్ పెట్టిండని."

"గట్టయ్య సంగతి వేరు."

"ఆయన ఫోన్ నంబరు ఉన్నది మేడం. అడగొచ్చు."

"అడుగుతాను. ప్రేమ్ కుమార్ గారూ, ఇందాక ఎవరూ అనలేదన్నారు. ఇప్పుడు అందరినీ పెట్టమన్నామంటున్నారు. ఏది రాయమంటారు?"

"మేడం, మాట తొందరలో..."

"రెండోదే రాస్తాను. అన్నిటికీ ఒకటే పెట్టించింది కంపెనీ. ఆ ఒక్కటి ఏ పేరైతే ఏం? పరుశురాం గారిని ఇక రమ్మననక్కర్లేదు."

"మేడం, ఒక్కసారి బయటికి వస్తే మనిద్దరం మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడుకున్నాం కదా. స్నేహలత గారూ, మీరు వెళ్ళొచ్చు. ముందు వెళ్ళి గొళ్ళెం తియ్యండి."

"పోను మేడం. ఇంక పని ఉన్నది."

"ఇంకా ఏం పని?"

"మాట ఇచ్చిన కద, అడిగింది చెప్తనని. మీరు అడగలే."

"అవును, అడగలేదు. కొత్త పాస్‌వర్డ్ ఏంటి?"

"చెప్పు చెప్పు. ఇప్పుడైనా చెప్పు."

"తెల్వదు."

"తెలీదంటే?"

"ఒక్కింటిది గూడ తెల్వదు మేడం. నేను నొక్కేటియి చెప్పిన, ఎవలది వాళ్ళే కొట్టుకున్నరు. ఒకాయన తనకు రాదని భార్యను కూసోపెట్టిండు. కొట్టినంక ఏం పెట్టిన్రో నాకు చెప్పబోయిన్రు, చెవులు మూసుకున్న. కామాక్షమ్మ అయితే చెప్పకుంటే ఊరుకుంటలేదు. దీన్ని గిచ్చి ఏడిపించి బయటికొచ్చిన."

"అబద్ధం మేడం. అయితే ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు? నన్ను ఎందుకు ఇలా... ఇంతసేపు ఎందుకు నిలబడింది?"

"ముందే చెప్తే మీ నోట్లకెంచి గా మాట వచ్చేదా సార్?"



"ఈ ల్యాబ్ మిద్దె మీద కూడా వీళ్ళ ఇన్వర్టరే ఉంది స్నేహలత గారూ. ల్యాబ్ తెరిచినప్పుడు పెట్టారు. అది ఎవరు బిగించారు?"

"మా ఆయనే."

"దాని పాస్‌వర్డ్..."

"నేను రెండు మూడుసార్లు వచ్చిన మేడం గీడికి. గేటు కాడ వాచ్‌మన్ రానియ్యలే. ఐడీ కార్డు ఏదన్నడు. దీన్ని చూపించిన. నవ్విండు గని రానియ్యలే. ఇయ్యాల సార్ పిలిచిండని చెప్తే తొవ్వ ఇచ్చిండు."

"ఉండండి, నా ఫోన్లో కొట్టి చూస్తాను. ... మోక్షిత. ఒకటి, రెండు, మూడు. ... తెరుచుకుంది."

"చూశారా? మా మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"ఊరుకోండి ప్రేమ్ కుమార్ గారూ. ... ఊరందరికీ పాస్, ఫెయిల్ చెప్పే గది ఇది."

"మెల్లగ మేడం, పేరు వినవడి కదిలింది. ఏం గాదు బిడ్డ, ఏం గాదు, పండుకో. ... నేను ఇయ్యాల మిమ్మల్ని బతిమాలనీకి రాలే మేడం. దీని పేరు మిగిలింది గీ ఒక్క డబ్బలనే. కింద ఎడమదిక్కు గుర్తు నొక్కుండ్రి, పాతది అడుగుతది, ఇయ్యుండ్రి. ఇగ మీ మనసుకు తోచింది కొట్టుకోండ్రి. సార్, మీరు గట్ల తొంగి చూడకుండ్రి. గిటు రాండ్రి, నా పక్కకు. మేడం కొట్టేదాక ఇద్దరం గోడ దిక్కు తిరిగి నిలబడుదాం."